నూట ఎనభై మూడు కార్డులు

మంగళవారం పొద్దున పదిన్నరకు యాకుత్‌పురా ట్రస్టు దవాఖానాలో కంప్యూటర్లన్నీ మూడోసారి చేతులెత్తేశాయి. చీట్ల కౌంటరు, రక్తపరీక్షల గది, మందుల కిటికీ, డాక్టరుగారి బల్ల, ఎక్కడ చూసినా తెర మీద ఒకటే మాట: సర్వర్ అందుబాటులో లేదు. పరగడుపున వచ్చిన షుగర్ పేషెంట్ల వరుస గేటు దాటి స్టేషన్ రోడ్డులోకి పోయింది. నీడ చాలక ఆడవాళ్లు కొంగులు, దుపట్టాలు నెత్తిన కప్పుకుని నిలబడ్డారు. ఒక పెద్దాయన కళ్లు తిరిగి మెట్ల మీద కూలబడితే నర్సు గ్లూకోజు నీళ్లు పట్టుకుని పరుగెత్తింది.

శ్రీపాద సర్వర్ గదిలో ఉన్నాడు. గది అంటే మరీ గొప్పగా ఊహించుకోవద్దు. పాత స్టోరు రూముకు ఏసీ బిగించి, తలుపు మీద 'అనుమతి లేనిదే లోపలికి రారాదు' అని రాయించారు, అంతే. ఆ తాళంచెవి మాత్రం అతని జేబులో తప్ప ఇంకెక్కడా ఉండదు. దవాఖానాలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. వాచ్‌మన్ నుంచి డాక్టరుగారి దాకా అందరికీ అతను 'సిస్టం సార్'. ఆ పిలుపంటే అతనికి ప్రాణం. పైకి మాత్రం ఏమీ పట్టనట్టు ఉంటాడు.

నడవకపోతే ఆపి మళ్లీ నడిపించడం, సిస్టం సారుకు వచ్చిన వైద్యం అదొక్కటే. మూడుసార్లూ అదే చేశాడు. మూడోసారి సర్వర్ లేచాక చొక్కా సర్దుకుని, పెద్ద పని చేసి వచ్చినవాడిలా చీట్ల కౌంటరు దగ్గరికి నడిచాడు.

"సార్, నేను నంబర్లు పెట్టంగనే పోతున్నది" అంది కౌంటరులో చీట్లు తీసే రహీమా. కౌంటరు మీద రబ్బరు బ్యాండ్లు వేసిన కార్డుల కట్టలు మూడున్నాయి. అద్దానికి అవతల వాటిని తెచ్చిన నాగమణమ్మ చెమట తుడుచుకుంటూ నిలబడి ఉంది.

ఈ కార్డుల సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఇక్కడి గల్లీల్లో ఒక పద్ధతి ఉంది. షుగరు, బీపీ ఉన్నవాళ్లందరూ నెలకోసారి తమ కార్డులు ఒక్క మనిషి చేతికి ఇచ్చి పంపుతారు. ఆ మనిషి పొద్దున్నే వచ్చి అందరి చీట్లూ తీయిస్తుంది. తక్కినవాళ్లు ఎవరి వీలు చూసుకుని వాళ్లు వచ్చి మందులు తీసుకుపోతారు. మోకాళ్లు పట్టేసిన ముసలమ్మలు ఎండలో నిలబడే బాధ తప్పుతుంది. దవాఖానా నియమాల్లో ఇది ఎక్కడా లేదు, అయినా ఎవరూ కాదనలేదు.

ఒక్కో నంబరు కొట్టి, తెరిచి, చీటీ తీసి, మూసి, మళ్లీ ఇంకోటి కొడుతూ కూర్చుంటే నలభై కార్డులకు గంట పడుతుంది. రెండేళ్ల కింద రహీమా ఒక కిటుకు కనిపెట్టింది. వెతికే పెట్టెలో నంబర్ల మధ్య కామాలు పెడితే అందరి పేర్లూ ఒక్కసారే వరుసగా వస్తాయి. అప్పటి నుంచి గల్లీ మొత్తం అయిదు నిమిషాల పని అయింది. అది చూసి శ్రీపాద "మంచి తెలివి పెట్టినవ్ రహీమా" అని మెచ్చుకున్నాడు కూడా.

ఆ మంగళవారం నాగమణమ్మ తన గల్లీవే కాక పక్క రెండు గల్లీల కార్డులు కూడా తెచ్చింది. ముందు రెండు రోజులు దవాఖానా మూసి ఉండటంతో అన్నీ పోగుపడ్డాయి. మొత్తం నూట ఎనభై మూడు. రహీమా ఓపికగా అన్నీ ఒక ఫైల్లో కొట్టుకుని, కామాలు పెట్టుకుని, మొత్తం ఎత్తి పెట్టెలో వేసి నొక్కింది. సర్వర్ పడిపోయింది. లేచాక, పని ఆగిపోయిందే అని మళ్లీ నొక్కింది. మళ్లీ పడింది. మూడోసారీ అంతే. జనం బయట నిలబడి ఉంటే ఎవరైనా అదే చేస్తారు.

శ్రీపాద ఆ పెట్టెలోని పొడుగాటి అంకెల వరుస చూశాడు. ఆరు వారాల కింద సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి వచ్చిన నోటీసు అతనికి గుర్తొచ్చింది. డేటాబేస్ సర్వర్‌లో లోపం దొరికిందనీ, మామూలు లాగిన్ ఉన్నవాళ్లెవరైనా మరీ పొడుగు జాబితా ఇచ్చి వెతికితే సర్వర్ ఉన్న మెమొరీ అంతా మింగి కూలిపోతుందనీ, వెంటనే ఈ ప్యాచ్ వేసుకోమనీ అందులో ఉంది. ప్యాచ్ అంటే చిరుగు మీద వేసే మాసిక లాంటిదే. శ్రీపాద ఆ నోటీసును శుభ్రంగా ప్రింటు తీశాడు. రంధ్రాలు పొడిచి ఫైల్లో పెట్టాడు. సర్వర్ రిజిస్టరులో దాని ఎదురుగా 'చేయబడినది' అని రాసి సంతకం పెట్టాడు. చేయడం ఒక్కటే చేయలేదు.

అదొక్కటీ కాదు. అంతకు ముందు పదమూడు నెలల్లో వచ్చిన పదమూడు నోటీసుల ఎదుట కూడా అదే మాట, అదే సంతకం. ఎప్పుడో ఒకసారి ప్యాచ్ వేస్తే రోజంతా చీట్ల ప్రింటింగు ఆగిపోయి, సెక్రటరీ ముష్తాక్ సాబ్ అందరి ముందూ "మీకు రాకుంటే రాదని చెప్పున్రి" అన్నాడు. రాదని చెప్పడం కంటే చేశానని రాయడం అతనికి సులువుగా తోచింది.

"ఈ కార్డులు ఇయ్యాల పక్కన పెట్టు" అన్నాడు రహీమాతో, ఆమె ముఖం చూడకుండా.

"మరి గల్లీలోళ్లు సార్?"

"పక్కన పెట్టుమన్న గద!"

నాగమణమ్మ కట్టలు ఎత్తుకుని, "ఏం జమానా వచ్చిందో, మిషిన్లకు గూడ షుగరు వచ్చె" అని గొణుక్కుంటూ పోయింది. వరుసలో నలుగురు నవ్వారు. శ్రీపాద నవ్వలేదు.

మధ్యాహ్నం కంపెనీ సపోర్టు ఇంజనీరు నిఖిలేష్‌తో ఫోన్లో మాట్లాడాడు. కుర్రవాడు మర్యాదస్థుడు. అన్నీ విని, "సర్, ప్యాచ్‌లన్నీ వేసి ఉన్నాయా?" అని అడిగాడు.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఫోనుకు అటువైపు ఉన్నది ముక్కూ ముఖం తెలియని మనిషి. అయినా నోరు దాని అలవాటు అది పలికింది.

"అన్నీ వేసిన."

"పోయిన నెలది కూడా వేశారా సర్?"

"వేసిన అంటున్న కదా."

"సరే సర్. లాగ్ ఫోటో ఒకటి పంపండి."

లాగ్ అంటే సర్వర్ తన పనులన్నీ రాసుకునే చిట్టా; శ్రీపాద తెర మీది ఆ చిట్టాను ఫోన్‌తో ఫోటో తీశాడు. మొదటి వరుసలో సర్వర్‌కు ఆఖరి ప్యాచ్ ఎప్పుడు పడిందో తేదీతో సహా ఉంది. బొటనవేలితో ఫోటో పై అంచును కిందికి లాగి ఆ ఒక్క వరుసా కత్తిరించాడు. తర్వాత పంపాడు. పద్నాలుగు నెలలుగా రాసిన మాటలన్నీ ఒక ఎత్తు, ఆ బొటనవేలి పని ఒక ఎత్తు. ఆ వేలును ప్యాంటుకు తుడుచుకోవడం అతనికే వింతగా అనిపించింది.

బుధవారం నిఖిలేష్ దగ్గర నుంచి మెయిల్ వచ్చింది. ముష్తాక్ సాబ్ దాన్ని ప్రింటు తీయించి, తన గదిలో బల్ల మీద పెట్టుకుని, కళ్లజోడు సవరించుకుంటూ రెండుసార్లు చదివాడు. ఒకే లాగిన్ నుంచి, ఒకే జాబితాతో, మూడుసార్లు సర్వర్‌ను కూల్చారు. ప్యాచ్‌లన్నీ వేసి ఉన్నాయని మీ అడ్మిన్ చెప్పారు కనుక మామూలు వాడకంలో ఇది జరగదు. కావాలని చేసిన దాడి అయి ఉండవచ్చు. ఇదీ ఆ మెయిల్ సారాంశం.

రహీమా బల్ల ముందు నిలబడి ఉంది. కుర్చీ ఉన్నా కూర్చోమని ఎవరూ అనలేదు.

"దేఖో బేటీ" అన్నాడు ముష్తాక్ సాబ్. కోపిష్టి కాదాయన. దాతలకు జవాబు చెప్పుకోవాల్సిన మనిషి. "ఇక్కడ హమ్లా, దాడి అని రాసిండ్రు. నీ లాగిన్ నుంచి. ఒక్కసారి గాదు, మూడుసార్లు. ఎవరన్న చెప్పి చేయించిన్రా?"

"హమ్లా ఏంది సార్?" రహీమాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం తెల్లబడింది. "గల్లీ కార్డులు సార్. నంబర్లు పెట్టిన, గంతే. రెండేండ్ల సంది గట్లనే పెడుతున్న."

"అట్ల పెట్టుమని నీకు ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పలే, నాకే తెలిసింది. సిస్టం సార్‌కు ఎరుకే సార్. సారు చూసిండ్రు."

ఇద్దరూ శ్రీపాద వైపు తిరిగారు. ముష్తాక్ సాబ్ కళ్లలో ప్రశ్న ఉంది. రహీమా కళ్లలో అదీ లేదు. సారు ఇప్పుడు చెప్తారు, గొడవ అయిపోతుందన్న నిశ్చింత ఉంది.

"నేను నా పనిల ఉంట సార్" అన్నాడు శ్రీపాద. "కౌంటరుల ఎవరు ఏం కొడ్తున్నరో అంత గమనించలే."

రహీమా అతన్ని అలాగే చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా తట్టుకునేవాడే. తను విన్నది సరిగ్గా విన్నదో లేదో అన్నట్టు చూసింది.

సాయంత్రానికి మెమో తయారైంది. విచారణ ముగిసేదాకా కౌంటరులో కూర్చోరాదు, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, సంతృప్తికరంగా లేకపోతే పని నుంచి తీసేసి పోలీసులకు ఫిర్యాదు చేయడం జరుగుతుంది. నకలు నోటీసు బోర్డుకు గుచ్చారు. మందుల కిటికీ దగ్గరి వాళ్లు ఒక్కొక్కరే వచ్చి చదువుకుని, ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని పోయారు. శ్రీపాద ఆ రోజు పని ముగించుకుని వెనక గేటు నుంచి వెళ్లాడు. దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, ఇన్నేళ్లూ ఆ మాట వాడాడు కానీ కుట్టించుకోవడం ఇదే మొదలు.

గురువారం రహీమా సర్వర్ గది దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు. తలుపు మీది అక్షరాల పక్కనే నిలబడింది.

"సార్, నేనేం చెయ్యలేదని మీకు ఎరుకే గద?"

శ్రీపాద కీబోర్డు తుడుస్తున్నాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు. "విచారణ చేస్తరు కదా. అండ్ల తేలుతది."

"గందుకే ముష్తాక్ సాబ్‌కు చెప్పిన. అందరి ముందట మళ్ల గవే నంబర్లు పెడ్త, మీరే చూడున్రి అన్న. మంగళారం లెక్కనే మళ్ల పడ్తది. నేను దాచిపెట్టిందేం లేదని అందరికి తెలుస్తది. శనివారం రమ్మన్నరు." ఆమె గొంతులో కొంచెం ధైర్యం వచ్చింది. "మా అమ్మీ మెమో సంగతి విని రొట్టె తింటలేదు సార్. గల్లీల అప్పుడే మాటలు మొదలైనయి. పోలీసుల పేరు వస్తే మళ్ల నాకు పని ఎవరిస్తరు? శనివారం ఒక్కటి అయిపోతే చాలు."

"మంచిది" అన్నాడు శ్రీపాద.

లాల్‌దర్వాజాలోని ఇంటికి చేరేసరికి భార్య సులోచన పక్కింటావిడతో గడపలో నిలబడి మాట్లాడుతోంది. అతన్ని చూసి లోపలికి వచ్చి మంచినీళ్లిచ్చింది.

"మీ దవాఖాన మీద కంప్యూటర్ల దాడి అయిందంట కదా. మీరు లేకుంటే మొత్తం పోతుండెనంట. నాకు ఒక్క ముక్క చెప్పలే."

"ఎవరన్నరు?"

"అందరు అంటున్నరు. గా కౌంటరు పిల్ల చేసిందంట. సూడనీకి సాదాసీదగ ఉంటది, ఎంత పని చేసింది!"

శ్రీపాద చెంబు కింద పెట్టాడు. ఆమె కళ్లలో గర్వం ఉంది. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆమె అతని పనిని గురించి అంత ఇష్టంగా మాట్లాడింది లేదు. ఆ రాత్రి భోజనంలో పప్పులో ఉప్పు లేదని అరిచాడు. ఉప్పు సరిగ్గానే ఉంది. సులోచన రుచి చూసి, ఉప్పు డబ్బా తెచ్చి పెట్టింది. అతను సిగ్గుతో దాన్ని ముట్టుకోలేదు.

శుక్రవారం జుమ్మా నమాజుకు దవాఖానా ఒంటిగంట నుంచి రెండున్నర దాకా మూస్తారు. వారం మొత్తంలో సర్వర్ పని చేసుకోవడానికి దొరికే సమయం అదే. ఇన్ని నెలలూ ఆ గంటన్నరలో శ్రీపాద ఏసీ పెంచుకుని కునుకు తీసేవాడు. ఆ రోజు తలుపు లోపల గడియ పెట్టుకుని, నోటీసు ఫైలు తొడల మీద పరుచుకుని కూర్చున్నాడు.

ముందు డేటా అంతా నకలు తీసి పెట్టుకున్నాడు. నోటీసులో ఉన్నది ఒక్కో వరుసా వేలు పెట్టి చదువుతూ, చదివిన దానికి పెన్సిలుతో గీత పెట్టుకుంటూ పోయాడు. సర్వర్‌ను ఆపాడు. దించుకున్న ప్యాచ్ ఫైలు మీద నొక్కాడు; వెనకటి పదమూడూ అందులోనే కలిసి ఉన్నాయి. తెర మీద ఆకుపచ్చ గీత నెమ్మదిగా నిండుతుంటే, ఏసీ గదిలో అతని వీపు తడిసిపోయింది. గీత నిండింది. సర్వర్‌ను మళ్లీ నడిపించాడు. లేచింది. భయం భయంగా ఒక చీటీ ప్రింటు ఇచ్చాడు. కౌంటరు దగ్గర ప్రింటరు కుయ్యిమంటూ చీటీ బయటపెట్టింది.

గడియారం చూశాడు. ప్యాచ్ వేయడానికి పట్టింది పదకొండు నిమిషాలు.

పదకొండు నిమిషాలకు భయపడి పద్నాలుగు నెలలు దొంగ సంతకాలు పెట్టాడు. ఆ సంగతి తలుచుకుంటే తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

కౌంటరుకు పోయి, రహీమా కంప్యూటర్లోని ఫైలు తెరిచి ఆ నూట ఎనభై మూడు నంబర్లూ పెట్టి నొక్కాడు. కన్ను మూసి తెరిచేలోగా పేర్లన్నీ వరుసగా వచ్చాయి. హమ్మయ్య అనుకున్నాడు. రేపు అందరి ముందూ పెడితే సర్వర్ పడదు. పడకపోతే గొడవే లేదు, ఏదో కరెంటు దోషమనుకుని మెమో వెనక్కి తీసుకుంటారు, పిల్ల మళ్లీ కౌంటరులో కూర్చుంటుంది. అలా తనకు తనే చెప్పుకున్నాడు. లోపల ఇంకో ఆలోచన కూడా ఉంది. రేపు పడకపోతే రిజిస్టరు తెరిచి చూసేవాళ్లూ ఉండరు. ఆ రెండో ఆలోచనను అతను పైకి రానివ్వలేదు, కానీ దాని బలంతోనే ఆ మధ్యాహ్నం కాస్త అన్నం తినగలిగాడు.

శనివారం పదకొండింటికి కమిటీ చీట్ల కౌంటరు లోపల కూర్చుంది. కమిటీ అంటే ముష్తాక్ సాబ్, ట్రస్టు సభ్యుడు వైకుంఠం. వైకుంఠం హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, ఇప్పటికీ ఎదుటివాళ్లను తరగతిలో నిలబెట్టినట్టే చూస్తాడు. ఫోను స్పీకరులో నిఖిలేష్ ఉన్నాడు. శ్రీపాద గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

రహీమా ఇస్త్రీ చేసిన దుపట్టా వేసుకుని వచ్చింది. మూడు రోజుల తర్వాత తన కుర్చీలో తను కూర్చుంది. కీబోర్డును కొంచెం ముందుకు జరుపుకుంది.

"సార్, ఇవి మంగళారం నంబర్లే. నూట ఎనభై మూడు. పెడుతున్న. ఇప్పుడు సర్వర్ పడ్తది, అందరి పని జర ఆగుతది, ఏమనుకోకున్రి" అంది. ఇంచుమించు నవ్వుతూ అంది.

నొక్కింది. పేర్లన్నీ వచ్చేశాయి.

రహీమా తెర వైపు చూసింది. మళ్లీ నొక్కింది. మళ్లీ వచ్చాయి. నంబర్లన్నీ తుడిచేసి, ఫైలులోంచి కొత్తగా ఎత్తి, పెట్టి, నొక్కింది. మందుల కిటికీ దగ్గర కంప్యూటరు నడుస్తూనే ఉంది. రక్తపరీక్షల గదిలో ఎవరి పేరో పిలుస్తున్నారు.

"ఏందమ్మా, పడ్తదంటివి?" అన్నాడు వైకుంఠం.

"పడ్డది సార్. మంగళారం గిదే..."

"సర్, ఇదే జాబితా అయితే ఆ రోజూ పడేది కాదు" ఫోన్లోంచి నిఖిలేష్ గొంతు వినిపించింది. "ఆ రోజు ఆవిడ దీంతో పాటు ఇంకేదో కమాండ్ కూడా ఇచ్చి ఉంటారు."

ముష్తాక్ సాబ్ కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. "బేటీ, నా మాట విను. మీ నాయనను నేను ఎరుగుదు. మంగళవారం ఏం చేసినవో నిజం చెప్పు, పోలీసులదాక పోకుండ నేను చూసుకుంట. చెప్పకుంటే నా చేతుల ఉండదు."

"గిదే సార్, అల్లా కసమ్..." ఆమె మళ్లీ నొక్కబోయింది. వేలు కీ మీద ఆగింది. తన చేతిని తిప్పి చూసుకుంది. "ఏమో సార్. జనం అరుస్తుండ్రి. గడబిడల ఇంకేమన్న నొక్కిన్నేమో. నాకు సమజైతలేదు. నొక్కిన్నేమో సార్..."

శ్రీపాద గోడకు ఆనిన వీపు తీసి నిటారుగా నిలబడ్డాడు. తను బాగు చేసింది సర్వర్‌ను కాదు. ఆ పిల్ల చేతిలో ఉన్న ఒకే ఒక సాక్ష్యాన్ని చెరిపేశాడు. ఇంకొక్క మాట బయటికి వస్తే ఆమె చేయని నేరం ఒప్పుకుంటుంది. ముష్తాక్ సాబ్ రాసిమ్మన్నట్టు కాగితం ముందుకు జరిపాడు కూడా.

"నిన్న నేను ప్యాచ్ వేసిన" అన్నాడు శ్రీపాద.

అందరూ తిరిగి చూశారు.

"ఆ జాబితాకు సర్వర్ పడే లోపం ఉండె. నిన్న జుమ్మా టైంల బాగు చేసిన. గందుకే ఇప్పుడు పడ్తలేదు. మంగళవారం ఆమె పెట్టింది గివే నంబర్లు. ఆమె తప్పు లేదు."

గదిలో గాలి తేలికైంది. "అరె సిస్టం సార్!" ముష్తాక్ సాబ్ కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. "ముందే చెప్పొద్దా! షాబాష్. కంపెనీవాళ్లకు దొరకనిది మీరు పట్టిండ్రు." వైకుంఠం తల పంకించాడు. "పనిమంతుడు ఊకె మాట్లాడడు" అన్నాడు. రహీమా రెండు చేతులతో ముఖం కప్పుకుని, తీసి, తడి కళ్లతో అతని వైపు చూసింది.

"షుక్రియా సార్. మస్తు షుక్రియా. నేను మీ గురించి ఖరాబు అనుకున్న. మాఫ్ చెయ్యున్రి."

అక్కడితో ఆగిపోవచ్చు. ఆగితే అందరూ సుఖంగా ఇళ్లకు పోతారు. మెమో చిరిగిపోతుంది, పేరు నిలబడుతుంది, పైపెచ్చు మెప్పు కూడా వస్తుంది. నిన్నటి రెండో ఆలోచన అడిగిందల్లా అదే. కానీ చేతులు జోడించి క్షమించమంటున్నది రహీమా. ఆ మాట అతని ఒంటి మీద కారం చల్లినట్టయింది. తిట్టి ఉంటే నిలబడేవాడేమో, ఆ దండం ముందు నిలబడలేకపోయాడు.

"షాబాష్ అనకున్రి సార్" అన్నాడు. "గా ప్యాచ్ ఆరు వారాల కిందనే వచ్చింది. వెయ్యలే. వేసిన అని రాసిన. పద్నాలుగు నెలల సంది ఒక్కటి వెయ్యలే. నిఖిలేష్‌కు అబద్ధం చెప్పిన. ఫోటోల తేదీ కత్తిరించి పంపిన. ఆమె కామాలు పెట్టేది నాకు ఎరుకే. నేనే మెచ్చుకున్న."

ఫోన్లో నిఖిలేష్ ఊపిరి వినిపించింది. తర్వాత, "సర్, నేను మిమ్మల్ని రెండుసార్లు అడిగాను" అన్నాడు, కోపంగా కాదు, నొచ్చుకున్నట్టు.

వైకుంఠం రిజిస్టరు తెప్పించుకున్నాడు. పేజీలు తిప్పుతూ ఒక్కో 'చేయబడినది' మీదా వేలు పెట్టి, బడిపిల్లవాడి కాపీ లెక్కలు దిద్దినట్టు పద్నాలుగూ లెక్కపెట్టాడు. లెక్కపెడుతున్నంతసేపూ శ్రీపాద అక్కడే నిలబడాల్సి వచ్చింది. ముష్తాక్ సాబ్ మెమోను రెండుగా చింపాడు. శ్రీపాద ముందు చెయ్యి చాపాడు. ఏమడుగుతున్నాడో అర్థం కావడానికి క్షణం పట్టింది. జేబులోంచి తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు.

"సర్వర్ ఇగ కంపెనీవాళ్లు చూస్తరు. కమిటీ తేల్చేదాక మీరు రెండో కౌంటరుల కూసోన్రి" అన్నాడు ముష్తాక్ సాబ్. 'సిస్టం సార్' అనలేదు. పేరు పెట్టి కూడా పిలవలేదు.

రహీమా కుర్చీలోనే ఉంది. ఇందాకటి కృతజ్ఞత ఆమె ముఖం మీద ఇంకా పూర్తిగా పోలేదు, ఎక్కడికి పోవాలో తెలియనట్టు ఉంది. శ్రీపాద ఆమెను దాటి బయటికి నడిచాడు.

ఆ సాయంత్రం ఇంట్లో సులోచనకు అన్నీ చెప్పాడు. ఆమె వింటూ చేతిలోని బియ్యం చేటను అలాగే పట్టుకుని ఉండిపోయింది. "గా పిల్లను నేను గడపల నిలబడి ఎన్ని మాటలన్న!" అంది చివరికి. పక్కింటావిడ పిలిస్తే పలకలేదు.

సోమవారం శ్రీపాద రెండో కౌంటరులో కూర్చున్నాడు. పక్క కుర్చీలో రహీమా. పొద్దున లేస్తూనే ఆమెకు చెప్పవలసిన మాటలు మనసులో పేర్చుకున్నాడు. ఆమె "నమస్తే సార్" అని తన పనిలో పడింది. పేర్చుకున్నవి ఎక్కడివక్కడే ఉండిపోయాయి. నోటీసు బోర్డు మీద మెమో లేదు, గుచ్చిన నాలుగు గుండుసూదులు ఉన్నాయి.

తొమ్మిదింటికి నాగమణమ్మ కార్డుల కట్ట కిటికీలోంచి లోపలికి తోసింది. ఆ రోజు ఒక్క గల్లీయే, నలభై ఆరు. రహీమా రబ్బరు బ్యాండు తీసి, పై కార్డు ఎత్తి, నంబరు కొట్టింది. పెదవులు కదుపుతూ కార్డు మీది అంకెలూ తెర మీది అంకెలూ వేలితో పోల్చుకుంది. నొక్కింది. చీటీ వచ్చాక మూసేసి, రెండో కార్డు ఎత్తింది. మళ్లీ అంతే.

మూడో కార్డుకు వరుసలో గొణుగుడు మొదలైంది. అయిదో కార్డుకు నాగమణమ్మ అద్దం మీద వేలితో కొట్టింది. "ఏంది బిడ్డా, ఎన్నడు లేంది గింత సేపు? ఎండ కొడుతున్నది."

శ్రీపాద కొంచెం పక్కకు వంగాడు. "రహీమా, అన్నీ ఒక్కసారి పెట్టొచ్చు. ఇప్పుడు ఏం కాదు."

"ఎరుకే సార్."

"మరి?"

ఆమె ఆరో కార్డు నంబరు కొట్టడం పూర్తి చేసింది. పోల్చి చూసుకుంది. తెర మీది నుంచి కళ్లు తిప్పకుండానే చెప్పింది.

"శనివారం మీరు ఇంకొక్క నిమిషం ఊకుంటే నేను ఒప్పుకుంటుంటి సార్. చెయ్యంది చేసిన అని. ఇంటికి పోయినంక గూడ రెండు దినాలు గదే ఫికర్. నేను నొక్కలేదని ఎరుకే. అయినా అందరి ముందట నొక్కిన్నేమో అన్న గద." చీటీ ప్రింటు కోసం ఆగింది. "ఇప్పుడు కామా పెడ్దమంటే చెయ్యి పోతలేదు."

శ్రీపాద నోరు తెరిచాడు. తప్పయిందన్న మాట నాలుక మీదికి వచ్చింది. ఆ మాటతో ఆమె చెయ్యి కదలదని తెలిసి, సిగ్గుపడి మింగేశాడు.

"సగం కార్డులు ఇటియ్యి. నేను తీస్త" అన్నాడు చివరికి.

రహీమా కట్టను తన మోచేతి వైపు జరుపుకుంది.

"వద్దు సార్. నేను చేసుకుంట."

వరుస గేటు దాటింది. శ్రీపాద ఖాళీ చేతులు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె ఏడో కార్డు పక్కన పెట్టింది. ఇంకా ముప్పై తొమ్మిది ఉన్నాయి.